పులియు, ముళ్ళయెలుకయు: రెండు మృగముల చరిత్ర

గుంటూరు, ప్రకాశము మండలములలోని పాత దేవాలయముల అరుగులమీదను, చెరువుగట్టు బండలమీదను, రచ్చచావళ్ళలోను చెక్కిన పులిజూదపు గీతలు నేటికిని కొన్నిచోట్ల కానవచ్చును. పులులు కొన్ని, మేకలు పెక్కు. పులి మేకను దాటి చంపవలెను, మేకలు గుమిగూడి పులిని కట్టవలెను. ఆట పేరు మాత్రము పులిదే. పీర్లపండుగకు వీధిలో డప్పుల మ్రోతతో బయలుదేరు వేషము పులిదే. పులిని చూచి వాత పెట్టుకొన్న నక్కను తలంచుకొనని తెలుగు ఇల్లు లేదు. ఇంతటి ప్రతిష్ఠగల మృగము సరసన, జానెడు పొడవుగల మరియొక అడవిప్రాణిని నిలిపి, రెండింటి చరిత్రను పోల్చి చూడవలెనని ఈ ప్రసంగమున మా ఉద్దేశ్యము. ఆ రెండవ ప్రాణి ముళ్ళయెలుక.

మొదట పేరు సంగతి తేల్చుకొనవలెను. ముళ్ళున్న జంతువనగానే మనవారికి ఏదుపంది స్ఫురించును. ఏదుపంది వేరు, అది కొరికి తిను జాతిలోనిది, కుక్కంత పెరుగును, దాని ముళ్ళు మూరెడు పొడవు వరకు ఉండును. మేము చెప్పబోవు ప్రాణి ముళ్ళు అంగుళమునకు మించవు. దాని ముఖము చుంచుముఖము. మూతి సన్నగా ముందుకు సాగి యుండును. పేరులో ఎలుక యున్నను ఇది ఎలుక జాతి కాదు. ఎలుక గింజలు కొరుకును. ఇది పురుగులను తిను చుంచులకు చుట్టము. పల్లెలలో ఏదుపందిని, దీనిని కూడ ముళ్ళపంది యనియే పిలుచుట కలదు. ఈ రెండు ప్రాణులకు ఒక్క పేరే కలియుట మన కథలో చిన్న విషయము కాదు. పేరు విడిగా లేని ప్రాణి లెక్కలోనికి ఎట్లు వచ్చును?

ఇక రెండింటి శరీరములను చూతము. బాగుగా పెరిగిన మగపులి రెండువందల కిలోలు తూగును. గుంటూరు మిరపయార్డులో సుమారు నలువది కిలోల టిక్కీలు ఐదింటిని ఒకచోట పేర్చినచో ఎంత బరువో అంత. ముళ్ళయెలుక అరకిలోకు మించదు, దోసిలిలో పట్టును. పులికి గోళ్ళు, కోరలు ఆయుధములు. అవి పాదములలోనికి, నోటిలోనికి దాగి, అవసరమైనప్పుడు వెలుపలికి వచ్చును. ముళ్ళయెలుకకు దాడి యనునదియే తెలియదు. దాని వీపు నిండ వేలకొలది ముళ్ళు. అవి వెంట్రుకలే గట్టిపడి ముళ్ళైనవి. చర్మము క్రింద వీపంచున చుట్టును ఒక కండర మున్నది. సంచిమూతికి త్రాడు బిగించినట్లు ఆ కండరమును బిగించి, తలను కాళ్ళను కడుపులోనికి ముడుచుకొని, ప్రాణి యంతయు ముళ్ళబంతిగా మారును. కుక్క మూతి పెట్టి చూచి, మూలుగుచు వెనుకకు పోవును.

భేద మింత యున్నను పోలిక లేకపోలేదు. రెండును పిల్లలకు పాలిచ్చు ప్రాణులు. రెండింటి పిల్లలును కన్ను తెరువకయే పుట్టును. రెండును రాత్రివేళ తిరుగునవి. రెండును ఒంటరిగా బ్రతుకునవి. పులి పగటివేళ చల్లని వాగు ప్రక్కన నీడలో పడుకొనును; ముళ్ళయెలుక రాతిసందునను, పొదమొదటి బొరియలోను నిద్రించును. పులి బ్రతుకుటకు ఏటికి సుమారు ఏబది పెద్ద జంతువులు, అనగా దుప్పులు, కణుతులు, అడవిపందులు కావలెను. ముళ్ళయెలుకకు ఒక్క రాత్రికి పేడపురుగులు, చెదలు, మిడుతలు, వేరుపురుగులు, ఎక్కడైన ఒక తేలు చాలును. కరవుకాలమున ఆహారము దొరకనప్పుడు శరీరపు వేడిని తగ్గించుకొని, కదలక మెదలక కొన్నాళ్ళు గడపగల శక్తియు దానికి గలదు. పొడినేలకు పుట్టిన ప్రాణి అది.

చరిత్రలో పులి జాడ చాల వెనుకకు పోవును. కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గము గుహలు కలవు. భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూసు ఫూటు, అతని కుమారుడు హెన్రీ ఫూటు 1884–85 ప్రాంతమున ఆ గుహలను త్రవ్వించి, ప్రాచీన జంతువుల యెముకలను బయటికి తీసిరి. లిడెక్కరు అను పండితుడు 1886లో వాటిని పరీక్షించి పట్టిక ప్రకటించెను. ఖడ్గమృగము వంటి, నేడు మన నేలలో లేని ప్రాణులతోపాటు పులి యెముకలును అందు కలవు. నల్లమల చెంత పులి నివాసము నిన్నటిది మొన్నటిది కాదని దీనివలన తెలియును.

సాహిత్యమందును పులికి పీట వేసిరి. పదునైదవ శతాబ్దిలో అనంతామాత్యుడు వ్రాసిన భోజరాజీయమున ఆవు పులుల కథ కలదు. ఆకలిగొన్న పులికి మాట యిచ్చి, బిడ్డకు పాలిచ్చి తిరిగివచ్చిన ఆవు కథను మన తల్లులు నేటికిని పిల్లలకు చెప్పుదురు. అందు పులి క్రూరమృగమైనను ధర్మము తెలిసిన పాత్ర. ముళ్ళజంతువుల సంగతి చూడగా, సంస్కృత ధర్మశాస్త్రములలో అయిదు గోళ్ళ జంతువులను లెక్కించుచు శ్వావిధము, శల్యకము అని రెండు పేర్లు చెప్పిరి. ఒకటి ఏదుపంది యనియు, రెండవది ఏ ముళ్ళప్రాణియో యనియు వ్యాఖ్యాతలు వాదించుచు వచ్చిరి. ఆ చర్చయంతయు తినవచ్చునా, తినరాదా యనుటకే గాని, ఆ ప్రాణి ఎట్లు బ్రతుకునను విచారణ కాదు.

ఊరి పేర్లను బట్టి పులి చరిత్ర వ్రాయవచ్చునని కొందరందురు. కృష్ణ యొడ్డున పులిచింతల యున్నది గదా యని చూపుదురు. ఇందు జాగ్రత్త కావలెను. తెలుగులో పులి యనగా మృగము. పులుపునకును అదే ధాతువు. చింతకు ముందు చేరినప్పుడు పుల్లని చింత యనియు అర్థము రావచ్చును. పేరు వినగానే అడవిమృగమును తలంచుకొనుట, ఆ మృగము మన మనస్సులో ఎంత స్థలము ఆక్రమించినదో తెలుపును గాని, ఆ స్థలమున పులి యుండెనని తెలుపదు. ముళ్ళయెలుక విషయమున ఇట్టి పొరపాటునకైనను అవకాశము లేదు. దాని పేరుతో పొరబడుటకు ఊరే లేదు.

ఇక ఆధునిక శాస్త్రములో ఈ రెండింటి ప్రవేశము చూతము. స్వీడను దేశపు లిన్నేయసు 1758లో ప్రకటించిన ప్రకృతి పట్టికలో పులికి శాస్త్రనామము పెట్టెను. అదే గ్రంథమున ఐరోపా ముళ్ళయెలుకకును పేరు పెట్టెను. ఆ గ్రంథమందు రెండును ఒకే నాడు పుస్తకమున కెక్కినవి. కాని మన దక్షిణదేశపు ముళ్ళయెలుక వేరు జాతి. దానికి పేరు రావలెనన్న మరి తొంబదిమూడు సంవత్సరములు పట్టినది. లండనులో ఈస్టిండియా కంపెనీ ప్రదర్శనశాల యుండెడిది. దానిని చూచుచుండిన వైద్యుడు థామసు హార్సుఫీల్డు 1851లో అందలి క్షీరదముల పట్టిక ప్రకటించుచు, మద్రాసునుండి వెళ్ళిన నమూనాను బట్టి ఈ జాతిని వర్ణించెను. దాని కడుపుమీద వెంట్రుకలు పలుచగా నుండుటచే బోడికడుపుది యను అర్థము గల శాస్త్రనామ మిచ్చెను. ఇంగ్లీషువారు దానిని మద్రాసు ముళ్ళయెలుక యందురు. ప్రపంచమున మరెక్కడను లేక, దక్షిణభారతమున మాత్రమే యుండు ప్రాణి అది. తమిళదేశపు పొడినేలలు, ఆంధ్రదేశపు పొడినేలలు దాని స్వస్థలములు.

ఆ కాలమున మన ప్రాంతముతో సంబంధము గల ఇద్దరు దొరలను ఇచ్చట స్మరింపవలెను. ఒకడు వాల్టరు ఎలియటు. అమరావతి స్తూపమును 1845లో త్రవ్వించి, శిల్పములను మద్రాసునకు పంపినవాడుగా అతనిని మనవారెరుగుదురు. అవే తరువాత లండను చేరినవి. అతడు ప్రాణిశాస్త్రమందును దిట్ట. దక్షిణ మహారాష్ట్రదేశపు క్షీరదముల పట్టికను 1839లో ప్రకటించెను. తెలుగు పేర్లతో ఆంధ్రదేశపు చెట్టుచేమల పట్టికను 1859లో అచ్చువేయించెను. రెండవవాడు వైద్యుడు జెర్డను. నెల్లూరిలో ఉద్యోగము చేయుచుండగా, యానాదులతో మాటలాడి పక్షుల తెలుగుపేర్లు సేకరించెను. నాడు ఒంగోలు తాలూకా నెల్లూరుజిల్లాలోనిది; 1904లో గుంటూరుజిల్లా ఏర్పడినప్పుడే అందు చేరినది. భారతదేశపు క్షీరదములపై జెర్డను గ్రంథము 1867లో వెలువడెను. పొలముగట్లమీద, చిట్టడవులలో బ్రతుకు చిన్న ప్రాణులను గూర్చి తెలిసినవారు యానాదులు, ఎరుకలవారు వంటి వారేయని అతడు గ్రహించెను. ఆ మార్గమున తరువాత నడచినవారు తక్కువ.

ఇదే కాలమున పులి కథ వేరుగా నడచినది. బ్రిటిషు ప్రభుత్వము పులిని శత్రువుగా నెంచి, చంపినవానికి బహుమానము లిచ్చినది. రాజులకు, దొరలకు పులివేట ఘనకార్యమైనది. చచ్చిన పులిమీద కాలు మోపి తీయించుకొన్న పటము లేని బంగళా అరుదు. 1875 మొదలు 1925 వరకు ఏబది సంవత్సరములలో ఎనుబదివేలకు పైగా పులులు హతమైనవని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా కట్టిరి. ఇచ్చట నొక విచిత్రము కలదు. ఇంతటి సంహారమునకు లెక్క దొరకుటకు కారణము, ఆ బహుమానముల చిట్టాలే. చంపుటకై వ్రాసిన లెక్కలే, తరువాత పులి ఎంత తగ్గినదో చెప్పుటకు సాక్ష్యములైనవి. శత్రువు వ్రాసిన దస్త్రము పులికి మేలు చేసినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను వేట ఆగలేదు. విదేశీయులను రప్పించి పులిని వేటాడించు సంస్థలు సాగుచుండెను. 1969లో ఢిల్లీనగరమున అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘపు మహాసభ జరిగినది. పులి తగ్గిపోవుచున్నదను ఆందోళన అందు వెల్లడి యైనది. 1970లో పులివేటను నిషేధించిరి. 1972లో లెక్కింపగా దేశమంతటను 1,827 పులులు మాత్రమే తేలినవి. ఆ యేడే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1973 ఏప్రిలు 1వ తేదీన పులుల సంరక్షణ ప్రణాళిక ప్రారంభమైనది. అప్పటివరకు జాతీయ జంతువు సింహము. ఆ యేడు ఆ గౌరవము పులికి దక్కినది.

మన నల్లమలకు ఆ ప్రణాళిక పది సంవత్సరములకు వచ్చినది. నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము 1978లోను, పులుల సంరక్షణ కేంద్రము 1983లోను ఏర్పడినవి. కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము, గుంటూరు అను ఐదు జిల్లాలలో మూడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించి, దేశములోని పులుల కేంద్రములలోకెల్ల పెద్దదిగా పేరొందినది. మార్కాపురము, దోర్నాల, యర్రగొండపాలెము ఈ అడవికి తూర్పు వాకిళ్ళు. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు కృష్ణకు ఉత్తరపు భాగము అమరాబాదు పేరుతో తెలంగాణకు పోయినది. దక్షిణపు భాగము మనకు మిగిలినది.

ఈ దారి పూలబాట కాదు. నక్సలైటు పోరాటముల కాలమున అటవీశాఖవారు లోపలి అడవికి పోలేని దినములు చాల గడచినవి. దేశమంతటను పులిని లెక్కించు పద్ధతిలోనే లోపము బయటపడినది. అంతకుముందు నేలమీది అడుగుజాడలను అద్దముపై గీసికొని లెక్కించెడివారు. ఒకే పులిని రెండు మారులు లెక్కించు ప్రమాద మందున్నది. రాజస్థానములోని సరిస్కాలో పులులే లేవని 2005లో తేలినప్పుడు దేశము ఉలికిపడినది. తరువాత అడవిదారులలో తమంతట తామే పటము తీయు కెమెరాలను అమర్చిరి. ఏ రెండు పులుల చారలును ఒకటిగా నుండవు. మనుష్యుని వ్రేలిముద్ర వంటివి. ఆ చారలను బట్టి ఒక్కొక్క పులిని గుర్తించి, 2006 లెక్కలో దేశమున సుమారు 1,411 పులు లున్నవని చెప్పిరి. 2010లో 1,706, 2014లో 2,226, 2018లో 2,967, 2022లో 3,682 అని అంచనా పెరుగుచు వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2018లో 48గా నున్న సంఖ్య 2022లో 63కు చేరినది.

ఈ పెంపునకు మూల్యము చెల్లించినవా రెవరో మరువరాదు. అడవిలో తరతరములుగా నున్న చెంచులు పులి జాడను కన్నులతో చదువగలరు. వారిలో ననేకులు కావలివాండ్రై, దినమంతయు అడవి నడచి, కెమెరాలను చూచి, ఉచ్చులను తొలగించుచున్నారు. అడవి యంచు పల్లెలలో ఆవు నష్టమైనవాడు పరిహారముకొరకు కార్యాలయముల చుట్టు తిరుగుచున్నాడు. 2023 మార్చిలో నంద్యాల జిల్లాలోని పెద్దగుమ్మడాపురము పొలములలో నాలుగు పులికూనలు దొరికినప్పుడు, ఊరివారు వాటికి హాని చేయక అధికారులకు కబురు చేసిరి. తల్లికొరకు రాత్రింబగళ్ళు వెదకిరి. తల్లి దరికి చేర్చ సాధ్యముకాక, కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు పంపిరి. నూరేండ్ల క్రిందట పులికూన దొరకిన ఊరు ఏమి చేసియుండునో తలంచుకొన్నచో, మన మనస్సు ఎంత మారినదో తెలియగలదు.

ఇక కొండ దిగి మైదానమునకు వత్తము. ముళ్ళయెలుకకు దట్టమైన అడవి అక్కరలేదు. ఎర్రచెక్కనేల, రాళ్ళగుట్ట, ముళ్ళపొద, పశువులు మేయు బీడు, ఇవి చాలును. వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతముల పాతనేల అట్టిదే. చేలనడుమ డొంకలు; డొంకల కిరుప్రక్కల జెముడు, కిత్తనార, రేగుపొదలు; పశువుల పేడ, పేడలో పురుగులు. ఆ పురుగులకొరకు వచ్చు ప్రాణికి డొంకయే ఇల్లు, డొంకయే బాట. పులి రాజ్యమునకు మనము ఎల్లలు గీచితిమి. ముళ్ళయెలుక నేలయంతయు మన పట్టాభూములలోనిదే. దానికి అభయారణ్యము గీయుట సాధ్యము కాదు. అది బ్రతికిన మన గట్లమీదనే బ్రతుకవలెను.

ఆ గట్లు ఏమైనవి? 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు పల్నాడు, నరసరావుపేట, వినుకొండ, అద్దంకి, దర్శి ప్రాంతములను తడిపినది. కరవు తీరినది, అన్నము దొరకినది. ఆ నీటిని నిందించుట మా తలంపు కాదు. జొన్న, సజ్జ, వరిగ పండిన మెట్టచేలలో వరి, ప్రత్తి, మిరప వచ్చినవి. సెంటుభూమి విలువ పెరిగినది. డొంకలు సన్నగిల్లినవి, గట్లు కరగినవి, బీడు మిగులలేదు. మిగిలినచోట సర్కారుతుమ్మ అల్లుకొన్నది. జెముడుకంచెకు బదులు ఇనుపతీగ వచ్చినది. తీగ పశువును ఆపును గాని ఏ ప్రాణికిని నీడనియ్యదు.

తరువాత పురుగుమందుల కాలము వచ్చినది. ప్రత్తిలో పచ్చపురుగు, తెల్లదోమ విజృంభించినవి. 1980 దశకమున కొత్తమందులు చల్లినకొలదియు తెల్లదోమ పెరిగినదే గాని తగ్గలేదు. దోమను తిను మిత్రపురుగులు మందుకు ముందే చచ్చుట అందుకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు అప్పులపాలై ప్రాణములు తీసికొనిన విషాదమును మన పెద్దలు మరువలేదు. పురుగును తిను పురుగు చచ్చినప్పుడు రైతునకు కలిగిన నష్టము లెక్కకు వచ్చినది. పురుగును తిను ముళ్ళయెలుక సంగతి ఎవరును అడుగలేదు. విషము తిన్న పురుగునే అదియు తినవలెను గదా. ఆ నల్లరేగడి చేలలో మనము పోగొట్టుకొన్నది రూపాయలలో వ్రాసికొంటిమి; ప్రాణులలో వ్రాసికొనలేదు.

చట్టము దానిని పూర్తిగా మరచినదని చెప్పరాదు. వన్యప్రాణి చట్టపు పట్టికలలో పులి మొదటి అనుసూచిలో నిలిచినది. 2022 సవరణకు ముందు ముళ్ళయెలుక నాల్గవ అనుసూచిలో కుందేళ్ళ సరసన నుండెడిది. అయితే నాడు అచ్చట వ్రాసియుండిన శాస్త్రనామము ఉత్తరదేశపు ఎడారులలో తిరుగు పొడవుచెవుల ముళ్ళయెలుకది, మన దక్షిణపు జాతిది కాదు. ఏదుపందితో పేరు కలిసిపోయినట్లే, చట్టమునను మరియొకదాని పేరు చాటున నిలువవలసి వచ్చినది. ఇట్లుండగా దక్షిణ తమిళదేశమున కొన్నిచోట్ల కోరింతదగ్గునకు మందని దాని ముళ్ళను కాల్చి తేనెతో నాకించు వాడుక కలదు. దగ్గునకు వైద్యుడున్నాడు, టీకా యున్నది. ఒక్కసారి చంపిన ప్రాణి తిరిగి రాదు.

లెక్కించినచో ఏమి ప్రయోజనమని అడుగవచ్చును. ఇంగ్లండు కథ వినుడు. అచ్చటి ముళ్ళయెలుకకు పిల్లల కథలలో పెద్దపీట యున్నది. 1905లో బియాట్రిక్సు పాటరు దానిని చాకలిదానిగా చిత్రించి ఒక కథయే వ్రాసెను. ఆ ప్రేమవలన జనులు తమ తోటలో, వీధిలో కనబడిన ప్రతి ముళ్ళయెలుకను వ్రాసి పంపుచు వచ్చిరి. ఆ లెక్కలను బట్టి పల్లెప్రాంతములలో 2000 నుండి ముప్పదిమొదలు డెబ్బదియైదు శాతము వరకు అవి తగ్గినవని 2022లో తేల్చిరి. కంచెపొదలు పోవుట, ఒకే పంట వేయుట, రహదారులమీద బండ్లక్రింద పడుట కారణములని గుర్తించిరి. 2024లో ఐరోపా ముళ్ళయెలుకను ప్రమాదమునకు చేరువైన జాతుల పట్టికలో చేర్చిరి. గోడలక్రింద చిన్న కంతలు పెట్టి, తోటనుండి తోటకు దారి విడుచు పని ఊరూర సాగుచున్నది. లెక్క తెలిసినందున గదా ఆ కంతలు.

అంత దూరమేల? మన రాయలసీమలో జరిగినది మరియొక నిదర్శనము. జెర్డను తన కాలమున కడప, నెల్లూరు సీమలలో ఒక రాత్రిపక్షిని కనుగొనెను. మనవారు కలివికోడి యందురు. 1900 తరువాత దాని జాడ లేకపోగా, నశించినదనియే పుస్తకములలో వ్రాసిరి. 1986 జనవరిలో కడపజిల్లా సిద్ధవటము దగ్గర రెడ్డిపల్లి అడవిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పరిశోధకులకు అది మరల దొరకినది. దానిని దీపపు వెలుగులో పట్టి చూపినవాడు ఆ ప్రాంతపు వేటగాడు. అతనికి ఆ పక్షి ఏనాడును నశించలేదు; అతనిని అడిగినవారే అంతవరకు లేరు. ఆ పక్షి కొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువ దారియే మారినది. ఎనుబదియారు సంవత్సరములు పుస్తకములు తప్పు చెప్పినవి. పొదలలో తిరిగినవానికి నిజము తెలిసియుండెను.

ఈ రెండు మృగముల చరిత్రను పోల్చి మేము గ్రహించిన దిది. పులిని కాపాడినది దాని బలము కాదు. బలమే కాపాడగలిగినచో ఎనుబదివేలు చచ్చియుండవు. పులికి పేరున్నది, దానిని గూర్చి మిత్రులును, శత్రువులును వ్రాసిపెట్టిన లెక్క యున్నది. తగ్గినప్పుడు తగ్గినదని చెప్పుటకు సాక్ష్య మున్నది. చెప్పగానే దేశము వినినది. ముళ్ళయెలుకకు ముళ్ళున్నవి గాని ఇవేవియు లేవు. కుక్కనుండి, నక్కనుండి కాపాడిన ఆ బంతి, నాగలినుండి, రహదారిమీది లారీనుండి కాపాడలేదు. ముడుచుకొనుటయే దాని రక్ష. బండి వచ్చినప్పుడు ముడుచుకొనుటయే దాని చావు.

మైదానమున ఆశ లేకపోలేదు. గుంటూరు కేంద్రముగా రైతుసాధికార సంస్థ 2016 నుండి ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. మిరపచేల అంచున బంతి, ప్రత్తిచేల అంచున ఆముదము వేసి, మందు తగ్గించిన రైతులు కలరు. గట్టుమీద గడ్డిని, పొదను కొంచెము విడిచిన చేలో పురుగులు తిను పిట్ట వాలును; చెదలు తిను ప్రాణి చేరును. పులికి అడవి విడిచితిమి. దీనికి ఒక గట్టు విడిచిన చాలును.

కావున మా వినతి ఒక్కటియే. డెబ్బది దాటిన పెద్దలు మీ ఇంట నున్నచో, తమ చిన్ననాట డొంకలో, కల్లము దగ్గర, చెదపుట్ట ప్రక్కన ముళ్ళబంతివలె ముడుచుకొను చిన్న ప్రాణిని చూచిరేమో అడుగుడు. ఏదుపందియా, ఇదియా అని విడదీసి అడుగుడు. వారు దానిని ఏ పేరుతో పిలిచిరో, ఏ ఊరి పొలమున, ఏ సంవత్సర ప్రాంతమున చూచిరో ఒక కాగితముమీద వ్రాసి పెట్టుడు. నేడు ఎవరికైన కనబడినచో దానిని పట్టి ఇంటికి తేవలదు; దూరమునుండి పటము తీసి, తేదీయు ఊరును వ్రాసి, అటవీశాఖవారికి గాని దగ్గరి కళాశాలలో జంతుశాస్త్రము చెప్పు ఉపాధ్యాయునికి గాని తెలుపుడు. రాత్రివేళ ఊరిబాటన బండి నడుపువారు, దీపపు వెలుగులో చిన్న ముళ్ళబంతి కనబడినచో ఒక్క నిమిషము ఆగుడు. అది విప్పుకొని, మూతితో నేలను వాసన చూచుకొనుచు, గట్టు దాటిపోవును.